ఏ లోటూ లేని వీణ

కూర్మనాథానికి వచ్చిన చిక్కేమిటంటే, అతని వీణకి ఏ చిక్కూ లేదు.

రేగులవలసలో పేర్రాజు పంతులు గారి దగ్గర నేర్చుకునే మిగతా వాళ్ళ వీణలకి ఎప్పుడూ ఏదో ఒక రోగం ఉండేది. ఒకరి వీణకి తీగ బిగించే బిరడా నిలిచేది కాదు. ఇంకొకరి వీణకి తీగ చీదేది. మాణిక్యాంబ వీణ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎండలు ముదరగానే ఆ అమ్మాయి కంటే ముందు అదే సొమ్మసిల్లేది.

అందులో వీణల తప్పు లేదు. వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. తేనెమైనం, గుగ్గిలం, దీపపు మసి కలిపి కాచి, వీణ మెడలాంటి దండి మీద పొడుగునా రెండు గట్లు పోస్తారు. ఆ గట్ల మీద ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే స్వరానికి సరిచూసి నొక్కుతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. ఎంత బాగా కట్టినా మైనం మైనమే. వేసవి వేడికీ, వేళ్ళ ఒత్తిడికీ అది మెల్లగా ఒరుగుతుంది. మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది, స్వరం దాని వెంట జరుగుతుంది. ఊళ్ళో కరణం గారి పొలం గట్టు కూడా ఏటా కాస్త జరుగుతూనే ఉంటుంది గానీ, దానికి ఎండతో సంబంధం లేదు.

దసరాకి ముందు గుంపస్వామి వచ్చేవాడు. బొబ్బిలి వైపు నుంచి కుంపటీ, మైనం ముద్దలూ, దారిలో ఉన్న ఊళ్ళన్నింటి కబుర్లూ మూటగట్టుకుని దిగేవాడు. మేళం కట్టడానికి ఒక పూట చాలు అతనికి, కబుర్లు అయ్యేసరికి మాత్రం వారం పట్టేది. పంతులు గారి వసారాలో కుంపటి పెట్టగానే శిష్యులందరూ వీణలు పట్టుకుని, పసిపిల్లల్ని వైద్యుడి దగ్గరికి తెచ్చినట్టు, వరసగా కూర్చునేవారు.

కూర్మనాథం మాత్రం అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని చూస్తూ ఉండేవాడు.

"ఏటి కూర్మంబాబూ, మీ వీణ తేనేదా?" అని గుంపస్వామి ఏటా అడిగేవాడు.

"దానికేం తక్కువైందని తేవాలి?"

"ఎప్పుడు కట్టించారేటి దానికి?"

"మా మేనమామ కొనిచ్చినప్పుడు కట్టిందే. నా చెయ్యి పడ్డాక ఇంకొకరి చెయ్యి పడలేదు దాని మీద."

"మైనం ఒరగదేటి బాబూ?"

"ఒరిగే చేతుల కింద ఒరుగుతుంది," అనేవాడు కూర్మనాథం, మాణిక్యాంబ వీణ వైపు చూస్తూ.

"అవునన్నయ్యా," అనేది మాణిక్యాంబ. "మీ వీణ మడి కట్టుకుంది. మైలపడ్డవి మావే."

ఆ మాటలో కొంత నిజం ఉంది. కూర్మనాథం తన వీణని వాళ్ళమ్మ పాత పట్టుచీరలో చుట్టి ఉంచేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి పిల్లి దాని మీద పడుకుంటే వీణ మీద నీళ్ళు చల్లాడు. పిల్లి మీద కూడా చల్లాడు.

ఊరు కూడా అతనికే వంత పాడేది. కూర్మనాథం గాంధారం అంటే రేగులవలసలో పేరు. ఆ స్వరం నేరుగా వచ్చేది కాదు. ఎక్కడో కింద మొదలై, మెల్లగా పైకి లేచి, కాస్త వణికి, అప్పుడు తన చోట కూర్చునేది. అది వినగానే మునసబు గారికి వాళ్ళ నాన్న గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేవారు. ఆ నాన్న బతికున్నన్నాళ్ళూ ఈయన ఆయనతో మాట్లాడలేదన్నది వేరే సంగతి. బడి పంతులు కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. ఆయనకి చెవులు సరిగా వినపడవు గనక, మునసబు గారు కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా ఊపేవాడు.

"ఎంత జాలి ఉందయ్యా నీ గాంధారంలో!" అనేవారు.

కూర్మనాథం ఆ జాలిని అణకువగా స్వీకరించేవాడు.

అంతటి కూర్మనాథానికి కూడా గురువు గారి విషయంలో ఒక్క సంగతి మింగుడుపడేది కాదు. శిష్యులందరి వీణలకీ మేళం కట్టించాక, ఆఖర్న తన వీణకి కట్టించేటప్పుడు పేర్రాజు పంతులు గారు తను మీటి చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చునేవారు. ఆ తరవాత, "ఏమేవ్, ఒకసారిలా వస్తావా?" అని వంటింటి వైపు కేకేసేవారు.

సూరమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. ఆవిడకి వీణ వాయించడం రాదు. సరిగమలు కూడా వరస తప్పుతుంది. వచ్చిందల్లా పిల్లల్ని పడుకోబెట్టినప్పటి జోలపాట ఒక్కటే. అదే కూనిరాగం తీస్తూ, ఒక్కో మెట్టు మీద వేలు పెట్టి మీటి చూసి, "ఇదేదో మూతి ముడుచుకుందండీ," అనో, "ఇది తొందరపడుతోంది," అనో చెప్పి వెళ్ళిపోయేది. గుంపస్వామి ఆ మెట్టుని సరిచేసేవాడు. ఒక్కోసారి ఆవిడ మాట తప్పయ్యేది కూడా. అయినా మళ్ళీ ఏడాది పిలుపు తప్పేది కాదు.

ఇక ఆవిడ పులుసు కాచిందంటే గరిటెడు పట్టుకొచ్చి ముందు పంతులు గారి అరచేతిలో పోసేది. ఆయన నాకి చూసి చెప్పాక గానీ పొయ్యి మీంచి దించేది కాదు.

"ఆ ఇంట్లో మొగుడు ఉప్పు చూస్తాడు, పెళ్ళాం శ్రుతి చూస్తుంది," అని ఊళ్ళో నవ్వుకునేవారు. కూర్మనాథం గురుభక్తి గలవాడు గనక పైకి నవ్వేవాడు కాదు. ఇంటికి వెళ్ళాక నవ్వేవాడు.

ఆ ఏడు గుంపస్వామి వీణలన్నీ కట్టేశాక, కూర్మనాథం గురువు గారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువు గారూ, చిన్న సందేహం. వీణకి మేళం ఎప్పుడు కట్టించాలండీ?"

అందరూ ఉన్నప్పుడే అడిగాడు. 'నీలాంటి వాడికి అవసరం లేదు నాయనా' అనే జవాబు నలుగురూ వింటే బాగుంటుందని.

పంతులు గారు అతని ఎడమ చేతి వైపు కాసేపు చూశారు. "చూద్దాం," అన్నారు. అని మణికట్టుకి ఆముదం రాసుకున్నారు.

ఆ మణికట్టు వల్లే అసలు కథ వచ్చింది. జమీందారు గారి కోటలో ఏటా మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకి పేర్రాజు పంతులు గారి వీణ పలకాలి. అది ఆయన గురువు గారి కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. పంతులు గారికి ఒంట్లో బాగా లేకపోతే శిష్యుడు వాయించవచ్చు, కానీ వీణ మాత్రం ఆ పాత పనసకర్ర వీణే కావాలి. ఈసారి కుడి మణికట్టు బిగుసుకుపోయి పంతులు గారు మీటలేకపోతున్నారు.

"ఈ ఏడు కూర్మం వాయిస్తాడు," అన్నారాయన.

కూర్మనాథం ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చిన్నప్పుడు వీణ పట్టిన రోజు నుంచీ అతను కోరుకున్నది ఆ ఒక్కటే, కోటలో, ఆ వీణ మీద, నలుగురి ముందూ. దారిలో మునసబు గారి భార్య కనిపిస్తే, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ ఆవిడకి చెప్పాడు. అతను ఇంటికి చేరేసరికి అరుగు మీద అభినందించడానికి జనం కూర్చుని ఉన్నారు.

మర్నాడు పొద్దున్న పంతులు గారు తన వీణ తెచ్చి శిష్యుడి ముందు పెట్టారు. "చెయ్యి అలవాటు చేసుకో," అన్నారు.

కూర్మనాథం కళ్ళకద్దుకుని మొదలుపెట్టాడు. షడ్జమం బాగుంది. రిషభం ఫర్వాలేదు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి, చీకట్లో లేని మెట్టు ఉందనుకుని కాలు ఎత్తి వేసినట్టయింది. స్వరం తన చోటు దాటి పైకి పోయింది. మళ్ళీ మీటాడు. మళ్ళీ పోయింది. పైన ధైవతమూ అంతే. తీగ శ్రుతి చూసుకున్నాడు, సరిగానే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకా పైకి పోయింది.

మాణిక్యాంబ తన వీణ తీగలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకుంది.

కూర్మనాథం ఎంతో జాగ్రత్తగా నోరు విప్పాడు.

"గురువు గారూ, చెప్పకూడదు గానీ..."

"చెప్పు నాయనా."

"మీ వీణకి మేళం కట్టించాలండీ."

మాణిక్యాంబకి దగ్గు వచ్చింది. అది జలుబు దగ్గు కాదు.

"అలాగా?" అన్నారు పంతులు గారు.

"గాంధారం పైకి పోతోందండీ. ధైవతం కూడా. గుంపస్వామి కబుర్లలో పడి సరిగ్గా కట్టినట్టు లేదు. అమ్మగారు కూడా... పాపం, ఆవిడకేం తెలుస్తుంది?"

పంతులు గారు గడ్డం నిమురుకున్నారు. "గుంపస్వామి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. రేపు పిలుద్దాం. ఈసారి నీ చెవికి ఎలా సరిపోతే అలా కట్టిద్దాం."

కూర్మనాథం గురువు గారి మీద గొప్ప జాలితో ఇంటికి వెళ్ళాడు. ముసలితనం ఎంత వాడినైనా వదలదు కదా అనుకున్నాడు. పాపం, ఆయన చెవులు పోతున్న సంగతి నలుగురికీ తెలియకూడదని, ఒకరికి చెప్పింది ఇంకొకరికి వినపడకుండా, వీధిలో ఒక్కొక్కరికే విడివిడిగా చెప్పాడు.

సాయంత్రానికి ఊరంతా బాధపడింది. బడి పంతులు అందరికంటే ఎక్కువ బాధపడ్డాడు. "చెవులు పోతే ఇంకేముందయ్యా మనిషికి?" అని గట్టిగా అరిచి మరీ అన్నాడు.

మర్నాడు పంతులు గారి వసారాలో ఎన్నడూ లేనంత జనం పోగయ్యారు. ఒక్కరికీ పని లేదు. వీణ మీద ఆసక్తి అసలే లేదు. పెద్దాయన చెవులు పోయిన వేడుక చూద్దామని వచ్చారంతే.

గుంపస్వామి కుంపటి రాజేస్తూ నోరు తెరిచాడు. "ఇదేటి బాబూ, మొన్నే కదా నాను కట్టి..."

"ముందు తాంబూలం వేసుకో గుంపస్వామీ," అన్నారు పంతులు గారు. స్వయంగా రెండు పెద్ద ఆకులు తీసి, చేరెడు వక్క పోసి, సున్నం రాసి, మడిచి అతని నోట్లో పెట్టినంత పని చేశారు. దానితో అతని బుగ్గ నిమ్మకాయంత ఉబ్బింది. తరవాత మేళం కట్టినంతసేపూ గుంపస్వామి ఒక్క మాట మాట్లాడలేదు. రేగులవలసలో అంతకంటే పెద్ద వింత అంతకుముందు జరగలేదు.

వంటింటి గుమ్మంలో సూరమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది.

"ఈసారి నువ్వొద్దులే," అన్నారు పంతులు గారు. ఆవిడ ఆయన మొహం కేసి చూసి, ఏమనుకుందో, లోపలికి వెళ్ళిపోయింది.

గుంపస్వామి కుంపట్లో ఇనుప గరిటె కాల్చి మైనాన్ని మెత్తబరిచాడు. కూర్మనాథం ఒక్కో మెట్టు దగ్గరా మీటుతూ చెప్పాడు.

"ఇంకాస్త అటు. బిరడాల వైపు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ నొక్కు."

గుంపస్వామి కళ్ళెత్తి పంతులు గారి వైపు చూశాడు. పంతులు గారు తల ఊపారు. గుంపస్వామి నొక్కాడు. అలా మెట్లు ఒక్కొక్కటిగా బిరడాల వైపు, స్వరం తగ్గే వైపు జరిగాయి. ఆ వీణని పంతులు గారి గురువు గారు వాయించారు. ఆయన గురువు గారు కూడా వాయించారట. దసరా వారంలోకి వచ్చేసింది. మాణిక్యాంబ చూడలేక మొహం తిప్పుకుంది. పంతులు గారు మాత్రం కొత్త పెళ్ళికొడుకుని చూస్తున్నట్టు సంతోషంగా చూస్తూ కూర్చున్నారు.

మైనం చల్లారాక కూర్మనాథం వాయించాడు. ఇదీ గాంధారమంటే! కింద నుంచి లేచి, వణికి, తన చోట కూర్చుంది. మునసబు గారు కండువా తీసి కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి బడి పంతులు తల ఊపాడు.

"బాగుంది," అన్నారు పంతులు గారు. "ఏదీ, ఆ గాంధారం ఒక్కటీ మీటు. ఊపకు. తీగ లాగకు. ఊరికే వేలు మెట్టు మీద ఆనించి మీటు."

కూర్మనాథం మీటాడు. స్వరం లేచి, వణికి, కూర్చుంది.

"ఊపకన్నాను."

"ఊపలేదండీ."

"మళ్ళీ మీటు."

మీటాడు. ఈసారి తన వేలినే చూస్తూ మీటాడు. అతను ఏమీ అనకుండానే వేలు తీగని పక్కకి లాగింది. పరాయి ఇంటి పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు దాన్ని. మళ్ళీ ప్రయత్నించాడు. పళ్ళు బిగించాడు. వేలు మళ్ళీ లాగింది.

పంతులు గారు పీట జరుపుకుని అతని పక్కన కూర్చున్నారు. తన ముసలి వేలు తీసి శిష్యుడి వేలి మీద పెట్టి, అటూ ఇటూ కదలకుండా మెట్టుకి అదిమి పట్టుకున్నారు.

"ఇప్పుడు మీటు."

మీటాడు.

గాంధారం లేవలేదు. కింద ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోయింది. పక్కన శ్రుతి తీగ మోగుతూంటే దాని కింద, తడిసిన గోడ కూలబడ్డట్టు కూలబడింది.

మునసబు గారి కండువా కళ్ళ దగ్గరే ఆగిపోయింది. బడి పంతులు తల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

"ధైవతం," అన్నారు పంతులు గారు, వేలు తియ్యకుండా.

ధైవతమూ అంతే.

"నీ వీణ ఇంట్లో ఉందా? తీసుకురా."

ఇంకెవరూ ముట్టుకోకూడదు గనక కూర్మనాథమే వెళ్ళాడు. తెచ్చి పట్టుచీర విప్పాడు. ఆ విప్పడం చాలాసేపు పట్టింది. పంతులు గారు మళ్ళీ అతని వేలి మీద వేలు పెట్టి పట్టుకున్నారు. అతను మీటాడు. రెండు వీణలూ కవలపిల్లల్లా ఒక్క చోటే మూలిగాయి.

గుంపస్వామి మాట్లాడాలని చాలా అనుకున్నాడు గానీ బుగ్గ ఖాళీ లేదు.

కూర్మనాథం తల ఎత్తలేదు. ఇన్నేళ్ళుగా ఊరు మెచ్చుకున్న ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చిందో అతని వేలికి ఇప్పుడు తెలిసింది.

"చెవి మంచిదే నాయనా," అన్నారు పంతులు గారు మెల్లగా, చెయ్యి తీసేస్తూ. "చెవి మంచిది గనకే, మెట్టు కిందికి జరిగినకొద్దీ ఇన్నాళ్ళూ వేలు తీగ లాగుతూ దాని వెంట పరిగెత్తింది."

"నాకు తెలియనే లేదండీ." కూర్మనాథం గొంతు కూడా గాంధారంలాగే కింద నుంచి వచ్చింది. "రోజూ వాయిస్తూనే ఉన్నాను. ఏ రోజూ తేడా అనిపించలేదు. అలాంటప్పుడు ఎప్పుడు కట్టించాలో నాకెలా తెలుస్తుందండీ?"

మొన్న అడిగిన ప్రశ్నే. ఈసారి మాత్రం నలుగురూ వినాలని అడగలేదు.

పంతులు గారు జవాబు చెప్పబోయేంతలో సూరమ్మ గారు గరిటె పట్టుకుని వచ్చింది. మగడి చుట్టూ ఇంత మంది ఎందుకున్నారో, అందరూ నోళ్ళు మూసుకుని ఎందుకున్నారో ఆవిడకి పట్టలేదు.

"ఏమండీ, ఇది చూడండి."

పంతులు గారు అరచెయ్యి చాపారు. పులుసు నాకారు.

"కాస్త ఉప్పెక్కువైంది."

"నాకు సరిగ్గానే ఉందే!"

"పొద్దుటి నుంచీ ఆ పొయ్యి దగ్గరే ఉన్నావుగా."

సూరమ్మ గారు కోపం తెచ్చుకోలేదు. "అయితే కాసిని నీళ్ళు పోస్తాను," అని వెనక్కి తిరిగింది.

"పోద్దువుగానీ. ముందిది చూడు." పంతులు గారు తన వీణ ఆవిడ వైపు జరిపారు.

ఆవిడ గరిటె మాణిక్యాంబ చేతికిచ్చి కూర్చుంది. జోలపాట కూనిరాగం తీస్తూ పులుసు వాసన వేసే వేలితో గాంధారం మెట్టు నొక్కి మీటింది. పాట ఆపేసింది. పక్క మెట్టు మీటింది. ఇంకోటి మీటింది.

"అయ్యో, ఏమైందండీ దీనికి? జ్వరం వచ్చి లేచిన దానిలా ఉంది. ఎవరు చేశారీ పని?"

కూర్మనాథం లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా."

"నువ్వా నాయనా?" ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "అయితే కావాలని చేసి ఉండవులే."

ఆవిడ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కూర్మనాథం ఆవిడ వెళ్ళిన గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఇంటికి వెళ్ళి నవ్వుకున్న నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి.

"గురువు గారూ, అమ్మగారిని ఎప్పుడు పిలుస్తారండీ మీరు?"

పంతులు గారు వీణ మీద పడిన మైనపు పొడి తుడుస్తున్నారు.

"బ్రహ్మాండంగా పలుకుతోంది, ఇంక దీనికి తిరుగు లేదు అనిపిస్తుంది చూడు," అన్నారు. "ఆ రోజున."

అప్పుడు గుంపస్వామి పెరట్లోకి పరిగెత్తి తాంబూలం ఉమ్మేసి వచ్చాడు. "ఇంక మాటాడొచ్చా బాబూ?" అన్నాడు.

"మాట్లాడు."

పొద్దుటి నుంచీ దాచుకున్నదంతా గుంపస్వామి అక్కడే దింపాడు. కోటలో పూజ దగ్గరికొచ్చిందనీ, మైనం గట్టిపడాలంటే ఈ రోజే రెండు వీణలూ విప్పి మళ్ళీ కట్టాలనీ, కుంపటి ఆరిపోతోందనీ, మధ్యలో బొబ్బిలి దగ్గర ఎవరిదో గేదె కవల దూడల్ని ఈనిందనీ. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దాయన చెవుల కోసం వచ్చిన వాళ్ళు తమ చెవులు తడుముకుంటూ వెళ్ళారు.

కూర్మనాథం కుంపటి ముందు కూర్చుని విసనకర్ర అందుకున్నాడు. మైనం కరిగేదాకా విసిరాడు. తరవాత అన్నాడు.

"కోటకి మాణిక్యం వెళ్తుందండీ. నేను వెనక కూర్చుని తంబురా మీటుతాను."

"నేనా!" అంది మాణిక్యాంబ. "మైలపడ్డ వీణ దాన్ని, నేనెలా వెళ్తానన్నయ్యా?"

"అందుకే వెళ్ళు," అన్నాడు కూర్మనాథం. వాళ్ళిద్దరూ ఒకేసారి నవ్వడం అదే మొదటిసారి.

పంతులు గారు వద్దనలేదు.

మూలా నక్షత్రం నాడు కోటలో పనసకర్ర వీణ పలికింది. వెళ్ళి వచ్చిన మునసబు గారు, అంతా బాగానే ఉంది గానీ గాంధారంలో జాలి తగ్గిందని ఊళ్ళో చెప్పారు. ఆయన పక్కన కూర్చున్న వాళ్ళు మాత్రం వెనక తంబురా మీటుతున్న మనిషినే గుర్తుపెట్టుకున్నారు. పాట నడిచినంతసేపూ అతను ఎడమ చేతి వేలు మోకాలి మీద ఆనించుకుని, దాన్ని కదలనివ్వకుండా, మొహంలో ఏ దిగులూ లేకుండా కూర్చున్నాడట.

ఆ వేలు మాట వినడానికి దాదాపు ఏడాది పట్టింది.

మళ్ళీ దసరా ముందు గుంపస్వామి వచ్చాడు. కుంపటి ఇంకా దించకముందే కూర్మనాథం వీణతో వసారా ఎక్కాడు. పట్టుచీర లేదు. మామూలు దుప్పటిలో చుట్టి ఉంది.

"ఇటియ్యండి బాబూ," అని గుంపస్వామి చెయ్యి చాపాడు.

కూర్మనాథం ఆగలేదు. తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, చాట ముందు పెట్టుకుని పప్పు ఏరుతున్న సూరమ్మ గారి ఎదుట వీణ దించాడు.

"ఏమైంది నాయనా దీనికి?" అందావిడ.

"ఏమీ కాలేదండీ," అన్నాడు కూర్మనాథం. "బ్రహ్మాండంగా పలుకుతోంది."

సూరమ్మ గారు చాట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.